వాకిలి నిలిపే చెయ్యి

మేలూరు,
12 మే 2024

అముదకు,

నువ్వు నేర్పిన అక్షరాలతో నేను రాస్తున్న మొదటి జాబు ఇది. తడి సిమెంటు మీద తాపీ కొసతో దిద్దినవాణ్ణి, కాగితం మీద రాయబోతే పెన్ను జారిపోతోంది. తప్పులుంటే నవ్వుకో. మనింట్లో అందరూ తమిళం చదివేవాళ్లే, తెలుగు చదివేది నువ్వొక్కతివే కాబట్టి నాకు ధైర్యం.

ఈ ఊరి పేరు మాకెవరికీ నోరు తిరగదు. కొండ పైన ఉంది కాబట్టి, మేల్ అంటే పైన కదా, మేలూరు అని పిలుచుకుంటున్నాం. మధురై పక్కనున్న మేలూరు అనుకుని అమ్మ బస్సెక్కి వచ్చేస్తుంది, ఇది హిమాలయం అని చెప్పు. ఇక్కడ సెల్ పలకదు. శనివారం కింద బజారుకు దిగితేనే టవరు. పోయిన శనివారం ఫోను చేస్తే అంతసేపూ అమ్మే మాట్లాడింది. నువ్వు తలుపు వెనక నిలబడి గాజులు మోగించావు. గాజులతో నేనేం మాట్లాడేది? అందుకే జాబు రాయమంటున్నాను.

భూకంపానికి ఇక్కడ బడీ పడిపోయింది, ఆస్పత్రీ పడిపోయింది. ఆ రెండూ మళ్లీ కట్టడానికే మన మిల్లువాళ్ల ట్రస్టు మమ్మల్ని పంపింది. పాత గోడలు చూశాను. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, నడుమ చిల్లరాళ్లూ మట్టీ. నేల కదిలేసరికి ఆ రెండు వరసలూ చెరోవైపు విడిపోయి, పలకరాళ్ల కప్పు కిందికి దిగింది. ఆదివారం కావడంతో పిల్లలు లేరు. అప్పసామి మేస్త్రీ ఆ రాళ్లు చూసి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన గుజరాత్ భూకంపం తరవాత కచ్ దేశంలో పనిచేసి వచ్చాడు కదా, ఆయనకు అన్నీ తెలుసు. మేస్త్రీ, నేను, కన్నన్, మనవాళ్లం ముగ్గురం. మిగతా పనివాళ్లంతా ఈ ఊరివాళ్లే.

ఆస్పత్రి లేక ఇక్కడి ఆడవాళ్లకు నొప్పులొస్తే కుర్చీకి కట్టెలు కట్టి మోసుకుని కొండ దిగుతున్నారు. చూస్తే భయమేస్తుంది.

మన కొత్త గది వాకిలి చట్రం గోడకు ఆనించే ఉంది కదా. వానకు తడవకుండా ఏదైనా కప్పు.

నీ
ఇళంగో


తుడియలూరు,
27 మే 2024

మామకు అముద మొక్కులు. ఇక్కడ మేమంతా బాగున్నాం.

మీ జాబు శుక్రవారం వచ్చింది. పోస్టుమాన్ కూడా అడ్రసు రెండుసార్లు చదివి నా మొహం చూశాడు. అత్త అన్నం ముందునుంచి లేచి వచ్చి, "సదువు, సదువు" అని కూర్చుంది. నేను చదివాను. గాజుల ముక్క వదిలేశాను. అత్త కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పి, "ఇంత నిండుగా రాసినాడు, నువ్వు సదివింది ఇంతేనా? మిగిలిందంతా ఏమి, సిమెంటు లెక్కా?" అంది. నాకు చెమటలు పట్టాయి. ఇకమీదట అత్తకు చదివి వినిపించేది ఒక పక్క, నాకు రాసేది ఇంకో పక్క రాయండి.

మీ అక్షరాలు బాగున్నాయి. 'భ' మాత్రం నిలబెట్టిన పారలాగా ఉంది. హోసూరు పక్క మా తెలుగు బడిలో నేను అయిదో తరగతి దాకానే చదివాను. మా టీచరమ్మ చూస్తే మీకు నాకన్నా ఎక్కువ మార్కులు వేస్తుంది.

నేను వర్క్‌షాపుకు పోతున్నాను. మోటారు కాయిల్ చుట్టే పని చేతికి బాగానే పట్టింది. కాని వారంగా ఆ వార్నిష్ వాసన పడటం లేదు, కడుపులో తిప్పుతోంది. ఎండ వల్ల అనుకుంటున్నాను.

వాకిలి చట్రం మీద టార్పాలిన్ కప్పాను. అత్త దాని మీద మిరపకాయలు ఎండబెట్టింది. చట్రానికి దెబ్బేమీ లేదు, తుమ్ములు మాత్రం ఇంటిల్లిపాదికీ.

తలుపు వెనక ఉండేది,
అముద


తుడియలూరు,
16 జూన్ 2024

మామకు,

ఇది మీ ఒక్కరికే. అత్త కోడిని పట్టడానికి పోయింది, వచ్చేలోపల రాసెయ్యాలి.

వార్నిష్ వాసన ఎండ వల్ల కాదు. మన వీధి జెబమలర్ అక్క తాను పనిచేసే ఆస్పత్రికి నన్ను తీసుకుపోయి పరీక్ష చేయించింది. మనకు బిడ్డ. జనవరిలో అన్నారు.

రాసేశాను. నోటితో అయితే ఈ మాట మీకు నేను ఎప్పటికీ చెప్పలేకపోయేదాన్నేమో.

ఇంకో మాట. ఇది మేస్త్రీకి చెప్పకండి. అత్తకూ నేను చెప్పలేదు. కడుపుతో ఉన్నదాని మొగుడు వాకిలి నిలపకూడదు, కప్పు మూయకూడదు అని మనవాళ్లలో ఉంది కదా. మేస్త్రీకి తెలిస్తే మిమ్మల్ని పనినుంచి తప్పిస్తాడు. పోయిన ఏడు పీలమేట్లో మీరు ఆ డాక్టరు ఇంటికి వాకిలి నిలిపి వచ్చిన వారంలోనే నాకు కడుపు పోయింది. అత్త ఊరందరి ముందర, "వాడినెవరు నిలపమన్నారు?" అని ఏడ్చింది. ఆరోజునుంచి మీరు మన సొంత గది వాకిలి కూడా నిలపలేదు. వేపచట్రం తెచ్చి గోడకు ఆనించి, దాని పక్కన నడిచేటప్పుడు తల తిప్పుకునేవారు. నేను చూడలేదనుకున్నారు.

ఆ కుర్చీ సంగతి రాశారే, అది చదివినప్పటినుంచి నాకు అదే కళ్లముందు ఉంది. మీరు ఆ ఆస్పత్రి ముగించి రండి. నేను ఇక్కడ బాగుంటాను.

కోడి దొరికినట్టుంది, అరుపు వినిపిస్తోంది. ఉంటాను.

అముద


మేలూరు,
22 జూన్ 2024

అముదకు,

నీ జాబు అందింది. చాలా సంతోషం. అంతదానికి దిగులెందుకు? ముక్కుకు గుడ్డ కట్టుకో, మజ్జిగ తాగు, సర్దుకుంటుంది. ఎండాకాలంలో అందరికీ అంతే.

ఇక్కడ బడి పునాది ముగిసింది, దాని మీద మొదటి నడికట్టు పోశాం. నడికట్టు అంటే గోడ చుట్టూ నడుముకు మొలతాడులాగా ఇనుప కమ్మీలూ కాంక్రీటూ తిరగడం. నాలుగు గోడలూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. కమ్మీ రింగుల కొసలు లోపలికి బాగా వంచాలి. కన్నన్ ఒకచోట వంచకుండా వదిలేస్తే మేస్త్రీ, "ఏరా, గొళ్లెం లేకుండా తలుపు వేసి పొయ్యొస్తావా?" అని మొత్తం విప్పించాడు.

గోడలో ఇప్పుడు నడుమ నడుమ పొడుగు రాయి పెడుతున్నాం. అది బయటి మొహంనుంచి లోపలి మొహం దాకా గోడను దాటి పోతుంది. అట్లాంటి రాళ్లు ఏరేది నేనే. ఈ ఊళ్లో ఒక పాత ఇల్లు ఉంది, రాతి వరసల మధ్య దేవదారు దూలాలు పెట్టి కట్టింది. అది పడలేదు. ట్రస్టు పెట్టిన ఇంజనీరమ్మ రోజూ పోయి దాన్ని చూసి వస్తుంది. "మీ తాతలు పెట్టింది దూలం, మనం పెట్టేది కమ్మీ, పని ఒకటే" అని ఊరివాళ్లకు చెబుతుంది.

ఇకమీదట రెండు పక్కలుగా రాస్తాను. ఇది అమ్మకు చదివే పక్క.

ఇళంగో


తుడియలూరు,
14 జూలై 2024

మామకు,

జాబు అందింది. పొడుగు రాళ్ల సంగతి తెలిసింది.

నేను అంత పెద్ద మాట రాస్తే మీరు మజ్జిగ తాగమన్నారు. అందరికీ అంతే అన్నారు. సరే. అత్తకు చదివి వినిపించే పక్క మాత్రమే రాశారు, నాకు రాసే పక్క ఖాళీ.

మీకు పోయిన ఏడాది గుర్తొచ్చి ఉంటుంది. అందుకే సంతోషపడటానికి భయపడుతున్నారేమో అనుకున్నాను. లేకపోతే నేను ఊరికే ఊహించుకుంటున్నానేమో. రాయడం తెలిస్తే అన్నీ చెప్పొచ్చు అనుకున్నాను, జాబులో మొహం కనపడదు కదా.

వర్క్‌షాపు మానేశాను. ఓనరు కాయిళ్లు ఇంటికే పంపుతున్నాడు. వార్నిష్ వాళ్లే పూసుకుంటారు.

అత్తకు మోకాలు నొప్పి తగ్గింది. మనింట్లో ఎందుకో కరువాడు ఎండుచేప వండటం మానేసింది. ధర పెరిగిందేమో.

అముద


మేలూరు,
10 ఆగస్టు 2024

అమ్ముకుట్టీ,

ఇది పూర్తిగా నీ పక్కే. అమ్మకు చదవడానికి వేరే కాగితం పెట్టాను.

కొండ విరిగి రోడ్డు మూసుకుపోయింది. నెలకు పైగా జీపు రాలేదు, మేము బజారుకు దిగలేదు. నిన్న జీపు వస్తే నీ జాబులు రెండూ ఒక్కసారే చేతికొచ్చాయి. నేను మజ్జిగ తాగమన్నది నువ్వు మే నెలలో రాసిన వార్నిష్ జాబుకు! బిడ్డ సంగతి రాసిన జాబు అప్పటికి నాకు అందనే లేదు. తేదీలు చూడు. మజ్జిగ మాట రాసిన చెయ్యిని ఇప్పుడు సున్నంలో ముంచాలనిపిస్తోంది.

చదివాక నేను ఏం చేశానో చెబితే నవ్వుతావు. రాళ్ల కుప్పెక్కి అరిచాను. కింద పొలంలో ఆడవాళ్లు మళ్లీ భూమి కదిలిందేమో అని గొర్రెలతో సహా బయటికొచ్చారు.

ఆ తరవాత భయం పట్టుకుంది. చెప్పొద్దన్నావు. సాయంత్రం మేస్త్రీ ఆస్పత్రిలో కాన్పు గది వాకిలి చట్రానికి కొలత తియ్యమని టేపు ఇచ్చాడు. నా చెయ్యి చాపలేకపోయాను. చెప్పేశాను. మేస్త్రీ టేపు వెనక్కి లాక్కున్నాడు. "నీ పెండ్లాము కడుపుతో ఉండాది, నువ్వు వాకిలి ముట్టుకుంటావా? పోయిన ఏడు సాల్లేదా?" అన్నాడు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, కన్నన్ కామెర్లతో ఊరికి పోయాడు. మేస్త్రీ వానలో జారి పడ్డప్పటినుంచి ఆయన కుడి చెయ్యి భుజం దాటి లేవదు. చట్రం నిలిపి, దాని పక్క నిలువు కమ్మీలు కట్టి, పైన తిరిగే నడికట్టుకు కలపాలి. ఈ ఊరివాళ్లు రాయి బాగా పెడతారు, ఈ కమ్మీ పని ఇంకా నేర్చుకుంటున్నారు. వాకిలి నిలిస్తేనే గోడ పైకి పోతుంది. మంచు పడే లోపల నడికట్టు పొయ్యకపోతే ఆస్పత్రి వచ్చే ఎండాకాలం దాకా మొండిగోడే.

అయినా నాకు నువ్వు ముందు. బడి వాకిళ్లు జూన్‌లోనే, తెలియక, నిలిపేశాను. అదే తలుచుకుంటే నిద్ర రావడం లేదు. ఈ గోడలు వాకిలి నిలిపే దశకు వచ్చేదాకా ఉండి, వచ్చే నెలాఖరుకు బయలుదేరి వస్తాను.

నీ ఇళంగో


తుడియలూరు,
25 ఆగస్టు 2024

మామకు,

మజ్జిగకు క్షమించేశాను. రాళ్ల కుప్ప మీద అరిచిన ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను.

కాని రావొద్దు.

నాకు బాగా రాయడం రాదు, మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. బడి వాకిళ్లు జూన్‌లో నిలిపానని భయపడుతున్నారు. జూన్ పోయింది, జూలై పోయింది. బిడ్డ బాగుంది. పోయిన వారం స్కాన్ తీశారు, జెబమలర్ అక్క నా పక్కనే ఉంది. టపటపమని గుండె వినిపించారు, మన వర్క్‌షాపులో చిన్న మోటారు తిరిగినట్టు. పోయిన ఏడాది గురించి డాక్టరమ్మను నేనే అడిగాను. అడగాలని మూడుసార్లు పోయి, నోరు రాక వెనక్కి వచ్చాను. ఈసారి అడిగాను. "మొదట్లో అట్లా చాలామందికి పోతుందమ్మా, బిడ్డ సరిగా కుదురుకోకపోతే పోతుంది. మీ ఆయన వాకిలి నిలిపినా నిలపకపోయినా పోయేదే" అంది. నేను అక్కడే ఏడ్చాను. మీకోసం ఏడ్చాను. ఏడాదిగా మీరు దాన్ని మోస్తున్నారు కదా.

నాకు తోచింది ఇది. ఆ గది కాన్పు గది. అక్కడ నొప్పులు పడే ఆమె లేస్తూ కూర్చుంటూ పట్టుకోవడానికి ఉండేది ఆ వాకిలే. దాన్ని ఎవరు నిలిపితే బాగుంటుంది? ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి లేనివాడు నిలిపితే పని అయిపోయింది అనుకుని పోతాడు. మీరు నిలిపితే మళ్లీ మళ్లీ కదిపి చూస్తారు. నాకు మీ చేతి సంగతి తెలుసు. నేను లోపలున్నట్టు కడతారు.

బయలుదేరకండి.

అముద


మేలూరు,
5 అక్టోబరు 2024

అముదా,

పోయిన శనివారం నుంచి ఇక్కడ అందరూ నీ పేరే చెప్పుకుంటున్నారు.

నీ జాబు చదివి మేస్త్రీకి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడింది నేను ఈ జన్మలో ఇనలేదు, ఇది నువ్వు సొంతంగా సదివి సెబుతాండావు" అన్నాడు. అందుకే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని బజారునుంచి ఫోను చేశాను. ఎప్పటిలాగే అమ్మ ఎత్తింది. మేస్త్రీ పక్కనున్నాడు అని చెప్పి, స్పీకరు పెట్టి ఫోను ఆయన చేతికివ్వగానే ఏదో గుంజులాట, అమ్మ "ఏయ్, ఏయ్" అనడం, గాజులు. ఆ తరవాత నీ గొంతు.

"పెద్దనాయనా, నేను అముద. మా మామని వాకిలి నిలపనీండి."

మేస్త్రీ ఫోను చెవి నుంచి దూరంగా పట్టుకుని చూశాడు, ఇంకెవరో అనుకున్నట్టు. "ఏమ్మా, రేపు నీ బిడ్డకి ఏమన్నా అయితే?" అన్నాడు.

"అయితే మీ మీద రాదు, మామ మీద రాదు. ఆడ కొండ మీద కుర్చీలో మోసే ఆడోళ్ల బిడ్డలకి ఏమన్నా అయితే ఎవరి మీద వస్తాది పెద్దనాయనా?"

ఫోను పెట్టేశావు. మేస్త్రీ టీ చల్లారిపోయేదాకా తాగలేదు. చివరికి, "ఏరా, దీనికి ఇంత గొంతు యాడ దాచినావు?" అన్నాడు.

మాకు వండిపెట్టే సరూలి అనే ఆమెకు కూడా ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. మేస్త్రీ తనకు వచ్చిన హిందీలో మన కట్టడి ఆమెకు వివరించాడు. ఆమె నవ్వి నవ్వి రొట్టె మాడ్చింది. "మా ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కడుపుతోనే ఉంటారు. అట్లయితే మేము గొర్రెలదొడ్డి కూడా కట్టుకోలేం" అందట.

బుధవారం పొద్దున వాకిలి నిలిపాం. చట్రానికి ఒక పక్క నేను, ఇంకో పక్క సరూలి మొగుడు. కట్టడానికి మామిడాకు లేదు. ఇక్కడ బురాంశ్ అని ఒక చెట్టు, దాని ఆకు మామిడాకులాగే పొడుగ్గా ఉంటుంది, మేస్త్రీ అదే కట్టాడు. పసుపు తన సంచిలోంచి తీశాడు. గుండు కట్టిన దారం వదిలి చూశాను, రసమట్టం పెట్టి చూశాను, మళ్లీ దారం వదిలాను. "అది నిలబడి సాలాసేపైంది, నువ్వే ఇంకా నిలబడలేదు" అన్నాడు మేస్త్రీ.

నువ్వు లోపలున్నట్టే కట్టాను.

ఇళంగో


తుడియలూరు,
20 అక్టోబరు 2024

మామకు,

ఫోను పెట్టేసిన తరవాత ఇక్కడ ఏమైందో మీకు తెలియదు కదా. నేను పిండి డబ్బా మీద కూర్చున్నాను. అత్తకు కడుపు సంగతి అట్లా తెలిసిపోయింది, ఇక తిడుతుంది అనుకున్నాను. ఆమె వంటింట్లోకి పోయి, గంజి తెచ్చి నా చేతికిచ్చింది.

"నాకు తెలీదనుకున్నావా? మే నెల నుంచి ఈ ఇంట్లో కరువాడు వాసన వచ్చిందా?" అంది.

వాసనకు నాకు తిప్పుతుందని మానేసిందట! నేను ధర పెరిగిందని మీకు రాశాను. నేనే చెబుతానని ఇన్నాళ్లూ చూసిందట. ముందే బయటపెడితే పోయినసారిలాగా అవుతుందేమో అని ఆమెకూ భయమట. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

తరవాత నాకు తల దువ్వుతూ, నా మొహం కనపడకుండా వెనకనుంచి చెప్పింది. "ఇళంగోని నేను మోస్తాన్నప్పుడు వాళ్ల నాయన వాకిళ్లు నిలుపుతానే ఉన్నాడు. పనికి పోకుంటే పొయ్యి రాజేది కాదు. ఆ కట్టడి వాకిలి కోసం కాదే, మొగోడు పెండ్లాము దగ్గిర ఉండాలని ఎవరో పెట్టినారు. పోయిన ఏడు దుక్కం పట్టలేక ఎవరి మీదో ఒకరి మీద ఎయ్యాలని, కన్నకొడుకు మీదే ఏసినా." జడ చాలా గట్టిగా అల్లింది. రెండు రోజులు తల నొప్పి.

ఇది మీకు రాయమని చెప్పలేదు. రాయొద్దని కూడా చెప్పలేదు.

అముద


మేలూరు,
16 నవంబరు 2024

అముదా,

టీవీలో చూసి ఉంటే భయపడొద్దు. మంగళవారం పొద్దున ఇక్కడ మళ్లీ భూమి కదిలింది. చిన్నదే. గిన్నెలు దొర్లాయి, గొర్రెలు అరిచాయి. పోయిన నెల తెరిచిన కొత్త బడిలో పిల్లలు, మేము నేర్పినట్టే బల్లల కిందికి దూరి, ఆగిన తరవాత వరసగా బయటికి వచ్చారు. ఆ తలుపులు బయటికి తెరుచుకునేలా పెట్టాం. మేస్త్రీ, ఇంజనీరమ్మ, నేను ప్రతి మూలా వేలితో తడిమి చూశాం. సన్నటి గీత కూడా లేదు. చిన్న కుదుపే కాబట్టి మురిసిపోవద్దని ఇంజనీరమ్మ అంది. అంటూనే ఆమే మురిసిపోయింది.

ఆస్పత్రికి రేకు కప్పు వేసేశాం. రంగు ఇంకా వెయ్యలేదు, తలుపులకు గడియలు లేవు. ఆ స్థితిలోనే గురువారం మధ్యాహ్నం సరూలికి నొప్పులొచ్చాయి. కుర్చీ కడదామని మగవాళ్లు లేస్తుంటే, ఈ ఆస్పత్రికి వేసిన నర్సమ్మ, "ఎందుకు? గది ఉంది కదా" అంది. నన్ను కట్టెలు తెమ్మన్నారు, నీళ్లు తెమ్మన్నారు, చివరికి దూరంగా పొమ్మన్నారు. చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. కిందికి ఎవరూ మోసుకుపోలేదు.

తరవాత నర్సమ్మ నన్ను పిలిచి వాకిలి చూపించింది. సరూలి అంతసేపూ ఆ చట్రం పట్టుకునే నిలబడిందట, గోళ్ల గుర్తులు పడ్డాయి. రంగు వేసేటప్పుడు అవి పూడ్చాలా అని సరూలి మొగుడు అడిగాడు. మేస్త్రీ వద్దన్నాడు.

సరూలి తన బిడ్డకు అల్లినట్టే మన బిడ్డకూ ఉన్ని టోపీ అల్లింది, చెవుల మీదికి వస్తుంది. తుడియలూరులో ఆ టోపీ పెడితే బిడ్డ ఉడికిపోతుందని ఎట్లా చెప్పేది! తీసుకున్నాను.

పదిహేను రోజుల్లో పని ముగుస్తుంది. మేస్త్రీతో కలిసి బయలుదేరుతాను.

నీ ఇళంగో


తుడియలూరు,
8 డిసెంబరు 2024

మామకు,

ఈ జాబు మీకు అందకపోవచ్చు. మీరు రైల్లో ఇటు వస్తుంటే ఇది అటు పోతూ ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేకపోయాను, అలవాటైపోయింది.

సరూలి బిడ్డకు ఇక్కడినుంచి ఏదైనా పంపాలని, తిరుప్పూరులో పనిచేసే మన గోపిక అక్కకు చెప్పాను. వాళ్ల కంపెనీ బనియన్లు, చేతులున్నవి, లేనివి, ఒక కట్ట పంపింది. మీరు బయలుదేరిపోయి ఉంటే నర్సమ్మ పేరుకు పోస్టు చేస్తాను. ఆ చలికి బనియన్ ఏం సరిపోతుందని మీరు అంటారు. ఈ ఎండకు ఉన్ని టోపీ ఏం సరిపోతుందో అది కూడా అంతే.

భూమి కదిలిందని టీవీలో చూసినప్పుడు నేను భయపడలేదని జెబమలర్ అక్కతో చెప్పాను. మీకు నిజం చెబుతాను, మీ జాబు వచ్చేదాకా ఒక్క కాయిల్ సరిగా చుట్టలేదు. ఓనరు అన్నీ వెనక్కి పంపాడు.

గోళ్ల గుర్తుల సంగతి అత్తకు చదివి వినిపించాను. ఈసారి ఏమీ వదలకుండా చదివాను, చివర్లో 'నీ ఇళంగో' కూడా. అత్త లేచిపోయి వాకిలి చట్రం మీది టార్పాలిన్ గుంజేసింది. మిరపకాయలు తట్టకు ఎత్తింది. తడిగుడ్డతో తుడిచి, కొబ్బరిపీచు పెట్టి తోమి, పక్కింటి కుళందైసామి మామను పిలిచి వాకిలికి వదిలిన సందులో అడ్డంగా పేర్చిన ఇటుకలు తీయించింది.

"వచ్చీరాగానే నిలపమని సెప్పు" అంది.

"నెలలు నిండుతాండాయి కదా అత్తా, బిడ్డ పుట్టినాక..." అన్నాను, ఆమె ఏమంటుందో చూద్దామని.

"ఏమ్మే, ఫోనులో ఊరికంతా న్యాయం సెప్పి ఇప్పుడు నాకాడ నాటకమా? బిడ్డ ఈ గదిలోకి యాడనుంచి వస్తాది, కిటికీలోంచా?" అంది.

చట్రానికి పసుపు పూసింది. మీరు ఇంకా రాలేదని నిన్న మళ్లీ పూసింది. ఇప్పుడు ఇది రాస్తుంటే అక్కడ కూర్చుని మూడోసారి పసుపు కలుపుతోంది. త్వరగా రండి, ఇంట్లో కూరకు పసుపు మిగల్లేదు.

వాకిలి ముందర ఉండేది,
అముద